'బాగున్నది' అని రాసిన పిల్ల

అఖిల చనిపోయిన రెండు నెలలకు ఆ బడికి కౌన్సిలర్ వచ్చింది.

పేరు రేణుక. భూపాలపల్లి బొగ్గుబావుల కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి పెద్దులు ఇంకా బాయి డ్యూటీకి పోతూనే ఉన్నాడు. సైకాలజీలో ఎం.ఏ. చేసి, హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నాలుగేళ్లు పనిచేసి, ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. మూడు జిల్లాల్లో మూడు ఆడపిల్లల గురుకులాలను ఆమెకు అప్పగించారు. సోమ, మంగళవారాలు దేవరుప్పుల దగ్గరి బడి. బుధ, గురువారాలు కురవి దాటాక రోడ్డు పక్కనున్న బడి. శుక్ర, శనివారాలు భూపాలపల్లి. వారంలో సగం ఆమెకు బస్సుల్లోనే గడిచిపోయేది.

కురవి అవతలి బడిలో ఆటసామాన్ల గదిలో సగం ఖాళీ చేసి ఆమెకు బల్ల, రెండు కుర్చీలు వేశారు. మిగతా సగంలో రింగ్ బంతులు, స్కిప్పింగ్ తాళ్లు, కాళ్లు విరిగిన క్యారమ్ బోర్డు. ప్రిన్సిపాల్ మేడం మొదటిరోజే పదకొండు పేర్లున్న కాగితం చేతికిచ్చింది. ఊరికే ఏడ్చేవాళ్లు, గోడ దూకి ఇంటికి పోవాలని చూసినవాళ్లు, మార్కులు పడిపోయినవాళ్లు. వీళ్లను దారిలో పెడితే చాలని చెప్పింది. అఖిల సంగతి మాత్రం ఎత్తవద్దని, ఎంక్వైరీ అయిపోయిందని, పిల్లలు ఇప్పుడిప్పుడే మరిచిపోతున్నారని గొంతు తగ్గించి మరీ చెప్పింది.

ఎంక్వైరీ ఏం తేల్చిందో రేణుక ఫైలులో చదివింది. అఖిల ఆరో తరగతి. పది కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి జూన్‌లో వచ్చి చేరింది. ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున స్పృహ లేకుండా పడి ఉంటే మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడినుంచి వరంగల్‌కు పంపితే దారిలోనే ప్రాణం పోయింది. డెంగీ అన్నారు. హాస్టల్ ఆరోగ్య రిజిస్టరులో అంతకుముందు రోజు సాయంత్రం దాకా ఆ పిల్ల పేరు ఎదురుగా 'బాగున్నది' అని ఉంది. కాబట్టి జబ్బు హఠాత్తుగా ముదిరింది, ఎవరి నిర్లక్ష్యమూ లేదు. రిజిస్టరు పేజీ నకలు ఫైలుకు కుట్టి ఉంది.

పిల్లలను పిలుచుకురావడానికి, వాళ్ల పేర్లు రాసిపెట్టడానికి పదో తరగతి శిరీషను సాయంగా ఇచ్చారు. తరగతిలో ఫస్టు వచ్చే పిల్ల. అచ్చుగుద్దినట్టుండే గుండ్రటి రాత. ప్రిన్సిపాల్ ఇచ్చిన పదకొండు పేర్ల కాగితం కూడా తను రాసిందే. చెప్పిన పని చెప్పినట్టు చేసి, గది బయట బల్లమీద వీపు నిటారుగా పెట్టుకొని కూర్చునేది. ఆ పిల్ల పేరు ఏ జాబితాలోనూ లేదు.

పిల్లలు మొదట నోరు విప్పలేదు. అందుకని రేణుక బిస్కెట్ల అట్టపెట్టెకు కంత పెట్టి, పేరు రాయకుండా మనసులో మాట రాసి వేయమంది. ఫ్యాను తిరుగుతలేదని ఒకరు, అన్నంలో పురుగులు వస్తున్నాయని ఒకరు, తండాలో మేకపిల్ల యాదికొస్తున్నదని ఒకరు రాశారు. రెండోవారం ఒక చీటీ వచ్చింది. 'బాగలేనోళ్ల గురించి బాగున్నది అని రాస్తే, రాసినోళ్లకు ఏమైతది?'

రాత చూడగానే రేణుకకు తెలిసిపోయింది. అచ్చుగుద్దినట్టుండే గుండ్రటి అక్షరాలు.

ఆమె శిరీషను పిలిచి అడగలేదు. అడిగితే ఆ పిల్ల మళ్లీ చీటీ కూడా వేయదని తెలుసు. మరుసటి క్లాసులో అందరి ముందు, చీటీ రాసినవాళ్లకు కాగితం మీద జవాబు చెప్పలేనని, ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చని మాత్రం అన్నది. రెండు వారాలు ఎవరూ రాలేదు. మూడో బుధవారం అన్నాల బెల్లు తర్వాత శిరీష వచ్చి తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చోకుండా పోయి రింగ్ బంతుల దగ్గర నిలబడింది.

చెప్పేముందు ఒకటి వినమంది రేణుక. ఈ గదిలో చెప్పింది తన దగ్గరే ఉంటుందని, నీ ప్రాణానికి ముప్పనిపిస్తే మాత్రం చెప్పవలసినవాళ్లకు చెప్తానని, అదికూడా ముందు నీకు చెప్పే చేస్తానని అన్నది. శిరీష తల ఊపింది. బంతులను రంగుల వారీగా వలలో వేస్తూ, అటువైపే చూస్తూ చెప్పుకుపోయింది.

అఖిలది, తనది ఒకటే తండా. ఇళ్లు పక్కపక్కనే. బడిలో చేర్పించిన రోజు అఖిల తల్లి రాధాబాయి కూతురి చేయి తెచ్చి శిరీష చేతిలో పెట్టి, పిల్ల పైలం బిడ్డా అని చెప్పి పోయింది. శిరీష అప్పుడు హాస్టల్ హెల్త్ కెప్టెన్. నర్సు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. పొద్దున, సాయంత్రం డార్మెటరీలు తిరిగి ఎవరెట్లున్నారో రిజిస్టరులో రాయడం ఈ పదిహేనేళ్ల పిల్ల పని. వార్డెన్ శకుంతల మేడం శనివారం శనివారం వారం మొత్తానికి ఒకేసారి సంతకాలు పెట్టేది.

ఆ మంగళవారం అఖిలకు జ్వరం వచ్చింది. బుధవారం పొద్దున లేవలేదు. బడిలో తండా భాష మాట్లాడితే టీచర్లు కోప్పడేవారు గానీ, జ్వరంలో ఆ పిల్ల నోటికి తెలుగు రాలేదు. శకుంతల మేడం వచ్చి చూసి, ఏమంటుందో చెప్పమని శిరీషను అడిగింది.

"తల పగులుతున్నదన్నది మేడం. కండ్లెనుక నొస్తున్నదన్నది. కడుపుల నొప్పన్నది. యాడిని పిలువు, యాడిని పిలువు అన్నది. యాడి అంటే అమ్మ మేడం." శిరీష చేతిలో బంతి ఆగింది. "నేను... ఇంటికి పోతనని ఏడుస్తున్నది మేడం అని చెప్పిన."

ఎందుకట్లా చెప్పావని రేణుక అడగలేదు. ఆ పిల్లే చెప్పింది. మరునాడు గురువారం మహబూబాబాద్‌లో సైన్స్ ఫెయిర్. నీళ్లను వడగట్టే నమూనా రెండు నెలలు కష్టపడి చేసుకుంది. అఖిలకు బాగలేదంటే, భాష తెలిసినదని తననే వెంట దవాఖానకు పంపుతారు. అంతకుముందు వారమే ఇంకో పిల్ల కడుపునొప్పని దొంగవేషం వేసి ఇంటికిపోయింది. ఇదికూడా అట్లాంటిదేమోనని సగం నిజంగానే అనుకుంది. వార్డెన్ జ్వరంగోలి ఇచ్చి, ఇల్లు మీద బెంగపెట్టుకుందని చెప్పి పోయింది.

"గురువారం నేను లేను గద మేడం. బుధవారం సాయంత్రమే గురువారానిది గూడ రాసిపెట్టి పోయిన. బాగున్నది, బాగున్నది అని."

సైన్స్ ఫెయిర్‌లో రెండో బహుమతి వచ్చింది. చీకటి పడ్డాక తిరిగి వచ్చి, అలసిపోయి పడుకుంది. శుక్రవారం పొద్దున ఏడ్పులు విని లేచింది.

రిజిస్టరు రాయవలసింది నువ్వు కాదని, చిన్నపిల్ల చేతికి ఆ పుస్తకం ఇచ్చినవాళ్లది తప్పని, చూడకుండా సంతకం పెట్టినవాళ్లది తప్పని రేణుక నెమ్మదిగా చెప్పింది. శిరీష అంతా విన్నది. మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది.

"మేడంకు మా భాష రాదు. నాకొచ్చు. అఖిల ఏం చెప్పిందో ఆ హాల్ల నాకొక్కదానికే తెలుసు."

రేణుక లేచి పక్కన పోయి నిలబడింది. ఎవరికీ చెప్పవద్దని శిరీష అడిగితే చెప్పనని మాట ఇచ్చింది.

ఆ మాట మోయడం ఆమె అనుకున్నంత తేలిక కాలేదు. స్టాఫ్‌రూమ్‌లో శకుంతల మేడం ఎదురుపడితే చూపు తిప్పుకునేది. ఇంట్లో పెద్దులు, ఏంది బిడ్డా అన్నం కెలుకుతున్నవని అడిగితే బస్సు ప్రయాణాల మీదికి నెట్టేది. ఆ తర్వాతి మూడు వారాలు శిరీష గదికి వచ్చింది. కొన్నిసార్లు మాట్లాడింది, కొన్నిసార్లు బంతులు సర్ది పోయింది. కాని చిక్కిపోతూ ఉంది. మెస్సులో పళ్లెం ముందు కూర్చొని అట్లాగే లేచిపోతున్నదని పక్క మంచం పిల్ల చెప్పింది. డిసెంబరు మొదటి గురువారం రేణుక సూటిగా, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని అడిగింది.

"పొద్దున లేవకుంటే మంచిగుండు అనిపిస్తది మేడం. రోజూ అనిపిస్తది."

ఇక ఆగే పని లేదు. ఇప్పుడు నేను ప్రిన్సిపాల్ దగ్గరకు పోతున్న, నీకు దవాఖానలో చూపించాలని మాత్రమే చెప్త, నువ్వు చెప్పింది చెప్పనని శిరీషకు చెప్పే, ఆమెను వెంటబెట్టుకొనే పోయింది. మహబూబాబాద్ దవాఖానలో మానసిక వైద్యుడికి ఈరోజే చూపించాలని, పిల్లను ఒంటరిగా వదలవద్దని చెప్పింది. ప్రిన్సిపాల్ కారణం అడిగింది. రేణుక చెప్పలేదు. ప్రిన్సిపాల్, ఇంకో పిల్ల ఈ బడిలో పోతే తాను బతకనని, దవాఖానకు చూపించి అటునుంచి అటే ఇంటికి పంపాలని పట్టుబట్టి, శిరీష తండ్రి సక్రుకు ఫోను చేసింది.

ఇంటికి వద్దని రేణుక బతిమాలింది. ఎందుకు వద్దో చెప్పలేకపోయింది. ఆ పిల్ల ఇంటిగోడ పక్కనే రాధాబాయి ఇల్లు ఉన్నదని, అక్కడికి పంపడమంటే ఆ తల్లి కళ్ల ముందుకు పంపడమేనని చెప్తే, మిగతాదంతా చెప్పినట్టే అవుతుంది. సక్రు మోటరుసైకిలు మీద వచ్చాడు. డాక్టరు చూసి మందులు రాశాడు. పదిహేను రోజులకొకసారి తీసుకురమ్మని, పిల్ల పక్కన ఎవరో ఒకరు ఉండాలని చెప్పాడు. సాయంత్రానికి శిరీష తండా చేరింది.

ఆదివారం రేణుక బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి తండాకు పోయింది. సక్రు ఇంటి ముందు రేకుల కింద పత్తి కుప్పపోసి ఉంది. దాని పక్కన మంచం మీద శిరీష. మంచం పక్కన నేలమీద కూర్చొని, పాలలో నానబెట్టిన జొన్నరొట్టె ముక్క తుంచి ఒకామె ఆ పిల్ల నోటికి అందిస్తున్నది. శిరీష తల్లి అనుకుంది రేణుక. అంతలో ఇంట్లోంచి శిరీష తల్లి లచ్చి నీళ్లచెంబుతో బయటికి వచ్చింది. అప్పుడు కింద కూర్చున్నది ఎవరో అర్థమై రేణుక రేకుల బయటే ఆగిపోయింది.

బడి నుంచి వచ్చిందని తెలిసి రాధాబాయి తెలుగులో మాట్లాడింది.

"నా బిడ్డ మీద రంధితోని గిది తిండి మానేసింది మేడం. బడిల ఒక్కరన్న నా బిడ్డను యాది చేసుకుంటున్నరు. నాకు గదే చాలు." మళ్లీ ఒక ముక్క తుంచింది.

మూడు రోజులుగా పూటపూటకూ ఆమె వచ్చి తినిపిస్తున్నదని లచ్చి చెప్పింది. తల్లి పెడితే తినని పిల్ల రాధాబాయి పెడితే కాదనలేక మింగుతున్నది. ఆమె పోయాక కక్కేస్తున్నది.

రాధాబాయి చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు శిరీష రేణుక కొంగు పట్టుకుంది. "ముద్ద దిగుతలేదు మేడం. ఆమె చేతిది అసలే దిగుతలేదు." చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టమని, ఇవాళే చెప్పాలని లేదని, ముందు మీ అమ్మకు చెప్పుకొమ్మని, ఎప్పుడు చెప్పినా పక్కన ఉంటానని రేణుక అన్నది. శిరీష విన్నట్టు లేదు. రాధాబాయి తిరిగి వచ్చి కూర్చొని మరో ముక్క అందించగానే ఆ చేయిని తన చేత్తో ఆపి, మాట్లాడడం మొదలుపెట్టింది.

తండా భాషలో చెప్పింది. రేణుకకు ఆ భాష రాదు. మధ్యమధ్యలో అఖిల పేరు, యాడి అన్న మాట, రిజిస్టర్, సైన్స్ ఫెయిర్ అన్న మాటలు మాత్రం తెలిశాయి. యాడి అన్న మాట చాలాసార్లు వచ్చింది. లచ్చి చేతిలో చెంబు వంగి నీళ్లు పత్తి మీద పోతున్నా ఆమె చూసుకోలేదు. రాధాబాయి చివరిదాకా విన్నది. అంతా అయ్యాక వేళ్ల మధ్యనున్న రొట్టెముక్కను పళ్లెంలో పెట్టింది. చేయి చీరకు తుడుచుకుంది. లేచి తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

అక్కడినుంచి ఏడుపు వినపడలేదు. లచ్చి మాత్రం కూతురిని కొట్టబోయి, కొట్టలేక, మంచంపట్టె మీద తల ఆనించి ఏడ్చింది. సక్రు పత్తి కుప్ప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ఇంత చెప్పనిచ్చి మీరేం చేసిన్రని రేణుకను అడిగాడు.

అరగంట తర్వాత రాధాబాయి బయటికి వచ్చింది. వెనుక ఆమె భర్త దస్రు. రాధాబాయి శిరీషను తన భాషలో ఒక్క మాట అడిగింది. శిరీష రెండు వేళ్లు చూపించింది. ఎన్ని రోజులు పిలిచింది నన్ను అని అడిగినట్టు రేణుకకు తర్వాత తెలిసింది. ఆపైన రాధాబాయి శిరీష వైపు చూడలేదు. రేణుక వైపు తిరిగింది.

"పుస్తకంల రాత గీ పోరిది. సంతకం ఎవరిది?"

"వార్డెన్ మేడంది."

"చూసి పెట్టిందా, చూడక పెట్టిందా?"

"చూడక పెట్టింది. శనివారం పెట్టింది."

రాధాబాయి వేళ్ల మీద రోజులు లెక్క వేసుకుంది. "శనివారం మేము పిల్లను మట్టి చేసినం" అన్నది. అంతే.

సోమవారం దస్రు, రాధాబాయి కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చారు. పది రోజులకు మళ్లీ ఎంక్వైరీ పడింది. పిల్ల స్థితి చూసి రేణుక, తాను సాక్ష్యం చెప్తే సరిపోతుందేమో అడిగి చూస్తానన్నది. శిరీష ఒప్పుకోలేదు. తల్లిని ఒకపక్క, రేణుకను ఒకపక్క కూర్చోబెట్టుకొని ఎంక్వైరీ అధికారి ముందు మొత్తం చెప్పింది. అధికారి సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ తెప్పించింది. దాని మీది తేదీని, రిజిస్టరులో అదే తేదీన శిరీష చేతిరాతతో ఉన్న 'బాగున్నది'ని పక్కపక్కన పెట్టి చూసింది. మహబూబాబాద్‌లో పొద్దంతా ఉన్న పిల్ల, కురవి దగ్గర హాస్టల్లో ఆరోగ్యం ఎట్లా చూసి రాసిందని మొదటి ఎంక్వైరీలో ఎవరికీ అనుమానం రాలేదు.

శకుంతల మేడంను సస్పెండ్ చేశారు. సామాను సర్దుకొని పోయే రోజు ఆమె ఆటసామాన్ల గది గుమ్మంలో నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి. నాలుగువందల ఎనభై మంది పిల్లలు, వారానికి ఇరవై ఆరు లెక్కల పీరియడ్లు, నర్సు లేదు, రెండేళ్లలో ఎన్ని ఉత్తరాలు రాశానో ఎవరూ అడగలేదని చెప్పింది.

"నేను చంపిన్నా రేణుకా? మీరు చదువుకున్నోళ్లు, చెప్పుండ్రి."

రేణుక కుర్చీ జరిపి కూర్చోమంది. ఆమె కూర్చోకుండా పోయింది. మూడు నెలలకు ఇంకో జిల్లాలో మళ్లీ పోస్టింగు వచ్చిందని విన్నారు. ఈ బడికి జనవరిలో నర్సు వచ్చింది. రిజిస్టరు పిల్లల చేతికి ఇవ్వవద్దని కాగితం వచ్చింది. ప్రిన్సిపాల్ పైకి రాసిన నివేదికలో, కౌన్సిలర్ అనుమతి లేకుండా విద్యార్థి ఇంటికి పోయి తల్లిదండ్రులను బడి మీదికి రెచ్చగొట్టిందని ఉంది. మార్చి ఆఖరుకు రేణుక కాంట్రాక్టు ముగిసింది. పొడిగించలేదు. మూడు బళ్లలో ఆమె దగ్గర సగంసగం మాట్లాడిన పిల్లలు ముప్పైమందికి పైగా ఉన్నారు. వాళ్లకు చెప్పి పోవడానికి కూడా రోజులు ఇవ్వలేదు.

ఏప్రిల్‌లో, ఉద్యోగం లేని రోజుల్లో, ఆమె ఒకసారి తండాకు పోయింది. శిరీష పదో తరగతి పరీక్షలు ఇంటినుంచే పోయి రాసింది. ఇప్పుడు మంచం పట్టి లేదు. రేకుల కింద చాటలో ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తున్నది. కొంచెం ఒళ్లు చేసింది. మందులు మానలేదని, పదిహేను రోజులకొకసారి తల్లి వెంట పోతున్నానని చెప్పింది. తండాలో కొందరు మాట్లాడతారు, కొందరు మాట్లాడరు.

పక్క ఇంటికి తాళం వేసి ఉంది. దస్రు, రాధాబాయి బిల్డింగు పనికి హైదరాబాద్ పోయి పన్నెండు రోజులైందట.

పోయేముందు ఏమన్నా మాట్లాడిందా అని రేణుక అడిగింది.

"మాట్లాడలే. మూట నెత్తిన పెట్టుకొని వచ్చి గక్కడ నిలబడ్డది." శిరీష వాకిలి చూపించింది. "మా యాడి భయపడి లోపటికి పోయింది. ఇగ నేనే నీళ్లు తీస్కపోయి ఇచ్చిన. తాగుతదో తాగదో అనుకున్న. తాగింది. చెంబు నా చేతికియ్యలే, కింద పెట్టి పోయింది."

రేణుక ఆమె పక్కన కూర్చొని ఒక మిరపకాయ తీసుకుంది. ఇద్దరూ తొడిమెలు తీశారు. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు వచ్చాయి.

"నిద్ర వస్తున్నదా?" అని అడిగింది రేణుక.

"కొన్ని దినాలు వస్తది మేడం."

ఉద్యోగం పోయిందని, ఇక బడికి రానని ఆమె అప్పుడు చెప్పింది. ఫోను నంబరు మాత్రం అదేనని, ఏ వేళైనా చేయమని చెప్పింది. శిరీష తల ఊపి, చాటను ఆమె వైపు కొంచెం జరిపింది.